ఫ్యాన్లన్నీ తిరిగాయి, తెర మాత్రం నల్లగానే ఉంది

కొత్తగా బిగించుకున్న కంప్యూటర్ బటన్ నొక్కగానే ఫ్యాన్లన్నీ తిరిగాయి, లైట్లు జిగేల్‌మన్నాయి, మానిటర్ మీద మాత్రం ‘నో సిగ్నల్’. ఒకటే టెన్షన్. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టానా అని చూశా, పెట్టాను. ప్రాసెసర్‌కి పవర్ ఇచ్చే 8 పిన్నుల కేబులూ గట్టిగానే ఉంది (చాలామంది మర్చిపోయేది ఇదే).

అప్పుడు కనబడింది, బోర్డు అంచున చిన్న పసుపు లైటు, పక్కన ‘డీర్యామ్’ అని రాసి ఉంది, అంటే తేడా ర్యామ్ (మెమరీ) దగ్గరే. ముందే చూసుంటే గంట కలిసొచ్చేది. పవర్ తీసేసి టార్చి వేసి చూస్తే, ఒక ర్యామ్ స్టిక్కుకి పై క్లిప్పు పడింది గానీ కింది వైపు, అంటే క్లిప్పే లేని వైపు, బంగారు రంగు కాంటాక్టులు సన్నని గీతలా బయటికి కనిపిస్తున్నాయి. ఉన్న రెండు స్టిక్కులూ తీసేసి, ఒక్కదాన్నే ప్రాసెసర్ నుంచి రెండో స్లాటులో పెట్టి, రెండు చివరలా బొటనవేళ్లతో నొక్కా. బోర్డు విరుగుతుందేమో అన్నంత బలం పెడితే గానీ టక్కుమనలేదు.

ఆన్ చేస్తే మళ్లీ నల్ల తెర! ఆపేద్దామని చెయ్యి వెళ్లింది కానీ, డీడీఆర్5 ర్యామ్ మొదటిసారి సర్దుకోవడానికి (మెమరీ ట్రైనింగ్ అంటారు) కొన్ని నిమిషాలు పట్టొచ్చని గుర్తొచ్చి ఆగా. నాలుగు నిమిషాలకి బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగులు) తెర వచ్చింది. రెండో స్టిక్కుని నాలుగో స్లాటులో పెట్టా, మళ్లీ అదే ఎదురుచూపు, ఈసారి 32 జీబీ చూపించింది.