పెద్ద ఆకాశ షెల్ డొల్ల: దొరక్కపోయినా, దొరికింది కుదరకపోయినా

ముందే ఒక విషయం. ఆకాశ షెల్ అంటే గొట్టంలోంచి పైకి పంపితే ఆకాశంలో పేలే గుండ్రటి బాణసంచా. ఇక్కడ చెప్పేదంతా దాని ఖాళీ డొల్ల గురించే. ప్రదర్శనలో పెట్టడానికో, నాటకంలో వాడటానికో, శిక్షణ తరగతిలో చేతికిచ్చి చూపించడానికో చేసే నమూనా షెల్ ఇది. మందు కూరి పైకి పంపే షెల్ చేయడం లైసెన్సు ఉన్న తయారీదారుల పని, అది వాళ్లకే వదిలేయండి. నమూనాలు చేస్తూ చేస్తూ నాకు అర్థమైంది ఏంటంటే, ఇబ్బందుల్లో ఎక్కువ భాగం రెండే రెండు చోట్ల మొదలవుతాయి: కొలత దగ్గర, తడి దగ్గర.

సమస్య: 12 అంగుళాలదని తెప్పిస్తే చిన్నది వచ్చింది

మోసం జరిగిందని అనుకోకండి. షెల్ సైజు చెప్పేటప్పుడు మామూలుగా చెప్పేది దాన్ని పేల్చే గొట్టం లోపలి వ్యాసం. గొట్టంలోకి సులువుగా దిగాలి కాబట్టి షెల్ దానికంటే కొంచెం చిన్నగానే ఉంటుంది. 12 అంగుళాలు అంటే 30.5 సెంటీమీటర్లు, షెల్ మాత్రం అంత ఉండదు. అందుకే ఆర్డర్ పెట్టేటప్పుడు అంగుళాల పేరు చెప్పి వదిలేయకుండా "బయటి వ్యాసం ఇన్ని సెంటీమీటర్లు, అంచు మందం ఇన్ని మిల్లీమీటర్లు" అని రాసి పంపండి. వచ్చినదాన్ని స్కేలు అడ్డంగా పెట్టి కొలవొద్దు, గుండ్రటి వస్తువు మీద కన్ను తప్పు చెబుతుంది. నడుము చుట్టూ టేపు తిప్పి వచ్చిన కొలతని 3.14తో భాగించండి. రెండు మూడు దిక్కుల్లో తిప్పి చూస్తే కోలగా ఉందో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

సమస్య: బాణసంచా సామాను అమ్మేవాళ్లు ఇవ్వనంటున్నారు

ఎవరు కొంటున్నారు, ఎందుకు కొంటున్నారు అని వాళ్లు ఆరా తీయడంలో తప్పేమీ లేదు, తీయాలి కూడా. మనకి అసలు ఆ దుకాణంతో పనే లేదు. అలంకరణకి అమ్మే థర్మకోల్ అర్ధగోళాలు, రెండు చిప్పలుగా విడిపోయే ప్లాస్టిక్ బంతులు, వ్యాయామానికి వాడే పెద్ద గాలి బంతి, ఇవి చాలు. మొదటి రెండింటి మీద కాగితం అంటిస్తే అవే డొల్ల, గాలి బంతి అయితే అచ్చుగా పనికొస్తుంది.

మరీ పెద్దది కావాలనుకునేవాళ్లు ముందు లెక్క వేసుకోవాలి. జపాన్‌లోని కటకాయ్ ఉత్సవంలో పేల్చే నాలుగు షకుల (షకు అంటే సుమారు 30 సెంటీమీటర్ల జపాన్ కొలత) షెల్ దాదాపు 120 సెంటీమీటర్ల వ్యాసం, బరువు 420 కిలోల దాకా ఉంటుంది. 2020 ఫిబ్రవరి 8న అమెరికాలోని స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్‌లో పేల్చిన రికార్డు షెల్ 62 అంగుళాలు, 1,268 కిలోలు. ఖాళీ నమూనాకి ఆ బరువు ఉండదు కానీ కాగితం మాత్రం తినేస్తుంది, ఎందుకంటే వ్యాసం రెట్టింపైతే ఉపరితల వైశాల్యం నాలుగింతలవుతుంది. 60 సెంటీమీటర్ల గోళం ఉపరితలం సుమారు 1.13 చదరపు మీటర్లు. చదరపు మీటరు 80 గ్రాములుండే బ్రౌన్ పేపర్ పది వరసలు వేస్తే కాగితమే 900 గ్రాములు, జిగురు వేరే. 120 సెంటీమీటర్లకి వెళ్తే అది మూడున్నర కిలోలు దాటుతుంది. గది తలుపు వెడల్పు కూడా ఇప్పుడే కొలిచి పెట్టుకోండి.

సమస్య: షో అయిపోయాక మైదానంలో దొరికిన డొల్ల తీసుకోవచ్చా అని అడుగుతున్నారు

వద్దు. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే చెబుతాను. సరిగ్గా పేలిన షెల్ ముక్కలు ముక్కలై చిరిగిన అట్టలా కింద పడుతుంది. గుండ్రంగా, చెక్కు చెదరకుండా కనిపించిందంటే అది పేలలేదనే అనుకోవాలి, లోపల మందు ఉంటుంది, ఒక్కోసారి ఇంకా రాజుకుంటూ కూడా ఉండొచ్చు. చేతిలోకి తీసుకుని బరువు చూడటం, ఊపి చూడటం, కోసి చూడటం ఇవేవీ పరీక్షలు కావు. ముట్టుకోకుండా దూరం జరగండి, పక్కవాళ్లని, ముఖ్యంగా పిల్లల్ని జరపండి, షో చేసినవాళ్లకి గానీ ఫైర్ స్టేషన్‌కి గానీ చెప్పండి. పాత గోడౌన్‌లో "ఖాళీవే" అని ఎవరైనా చూపించే షెల్‌కి కూడా ఇదే మాట.

సమస్య: రెండు చిప్పలు కలవడం లేదు

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఒక వైపు అంచు సరిగ్గా కూర్చుంటుంది, రెండో వైపు నాలుగైదు మిల్లీమీటర్లు నోరు తెరుచుకుంటుంది. కొన్న చిప్పలైతే రెండూ ఒకే అచ్చులోవి కాకపోవచ్చు, కాబట్టి జతగానే అడగండి. మనం చేసినవైతే కారణం దాదాపుగా ఒకటే, ఆరకముందే అచ్చు మీద నుంచి తీసేయడం. తడి కాగితం ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, అంచు దగ్గర పట్టి ఉంచేది ఏమీ లేదు కాబట్టి అక్కడ మొదట వంకర పోతుంది, ఎండ ఒక వైపే తగిలితే ఇంకా ఎక్కువ.

వంకర పోయినదాన్ని పారేయక్కర్లేదు. అంచుని స్పాంజితో లోపలా బయటా కొంచెం తడిపి, అరగంట మెత్తబడనిచ్చి, మళ్లీ అచ్చుకి ఎక్కించి గుడ్డ పట్టీతో చుట్టూ కట్టి, పూర్తిగా ఆరేదాకా విప్పకుండా ఉంచండి. ఇంకా తేడా ఉంటే ఒక చిప్ప లోపలి అంచుకి మూడు సెంటీమీటర్ల వెడల్పు అట్ట పట్టీని చుట్టూ అంటించి, సగం పైకి కనిపించేలా వదలండి, రెండో చిప్ప డబ్బా మూతలా దాని మీద కూర్చుంటుంది. నేనైతే నమూనాలకి ఎప్పుడూ ఇదే చేస్తాను, శాశ్వతంగా అతికించను, కావాల్సినప్పుడు తెరిచి లోపల చూపించొచ్చు. పూర్తి గోళం చేసి తర్వాత కోసే పద్ధతి అయితే, కోసే ముందే గీతకి అడ్డంగా నాలుగు చోట్ల పెన్సిల్ గుర్తులు పెట్టండి. ఏ వైపు ఏ వైపుతో కలవాలో తర్వాత వెతుక్కునే టెన్షన్ ఉండదు.

సమస్య: ముడతలు

కాగితం చదునుగా ఉంటుంది, గోళం రెండు దిక్కులా వంగి ఉంటుంది, వెడల్పు ముక్క వేస్తే ముడత పడక తప్పదు. నాలుగు సెంటీమీటర్ల లోపు పట్టీలు వేయండి, కత్తెరతో కాకుండా చేత్తో చింపండి, చింపిన అంచు పలచగా ఉండి కింది పొరలో కలిసిపోతుంది. ఒక వరస నిలువుగా, తర్వాతది అడ్డంగా.

సమస్య: నొక్కితే సొట్ట పడుతోంది, లేదా లోపల బూజు వాసన

రెండూ ఒకే జబ్బు. పైన ఆరింది, లోపల ఆరలేదు. తొందరలో ఏడెనిమిది వరసలు ఒకేసారి వేసేస్తే పై పొర గట్టిపడి లోపలి తడికి దారి మూసేస్తుంది, మైదా జిగురు ఉన్న చోట తడి నిలిస్తే బూజు రాకుండా ఉండదు. రెండు మూడు వరసలు వేయడం, పూర్తిగా ఆరనివ్వడం, మళ్లీ వేయడం, ఇదే దారి. ఆరిందో లేదో చెంపకి ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. గాలి బంతి అచ్చయితే ఇంకొక చిక్కు ఉంది: రాత్రి చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని బంతి చిన్నదవుతుంది, దానితో తడి డొల్ల కూడా లోపలికి కుంగుతుంది. ఎండలోంచి నీడకి, నీడలోంచి ఎండకి మార్చకుండా ఒకే చోట, ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి.

బూజు ఇప్పటికే వస్తే ఆ పొర వరకు లాగేసి, ఆరబెట్టి, కొత్తగా వేయండి. పైన పెయింట్ కొట్టి దాచేస్తే నెల తిరక్కుండా పెయింట్ పొంగి ఊడిపోతుంది.

సమస్య: నమూనా అని ఎవరూ నమ్మట్లేదు, దారిలో ఆపుతున్నారు

నిజంలా చేసినందుకు వచ్చే ఇబ్బంది ఇది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. చూసినవాళ్లు భయపడితే తప్పు వాళ్లది కాదు. వత్తి అస్సలు పెట్టొద్దు, తాడు ముక్క కూడా వద్దు. నడుము చుట్టూ పెద్ద అక్షరాలతో "ఖాళీ నమూనా" అని రాయండి, ఒక పక్క అరచేయంత కిటికీ కోసి వదలండి. ఎక్కడికైనా తీసుకెళ్లేటప్పుడు రెండు చిప్పలు విడదీసి, గిన్నెల్లా ఒకదాని మీద ఒకటి పెట్టి తీసుకెళ్తే లోపల ఏమీ లేదని వేరే చెప్పక్కర్లేదు.