వరి ఊక నుంచి సూపర్ కెపాసిటర్ కార్బన్: ముందు సిలికా సంగతి చూడండి

నెల్లూరు జిల్లా కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు ఏ రైస్ మిల్లులో అడిగినా ఊక దొరుకుతుంది. ఆడించిన వడ్లలో సుమారు ఐదో వంతు అదే. పూర్తిగా కాలిస్తే అందులో 15 నుంచి 20 శాతం బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో 90 శాతం దాకా సిలికానే. ఈ ఊకతో సూపర్ కెపాసిటర్‌కు (చార్జిని వేగంగా నిల్వచేసి వదిలే పరికరం) కార్బన్ చేసేవాళ్లలో చాలామంది యాక్టివేషన్ (బొగ్గులో సన్నటి రంధ్రాలు పుట్టించే దశ) ఉష్ణోగ్రత మీదే తలలు బద్దలుకొట్టుకుంటారు గానీ, ఫలితాలు తేడా కొట్టేది ఎక్కువగా ఈ సిలికా దగ్గరే. ఇది ఫ్యూమ్ హుడ్ (విషవాయువులను బయటికి లాగే అర), నైట్రోజన్ సిలిండర్ ఉన్న ల్యాబులో చేసే పని. ఇంటి పెరట్లో వద్దు.

రబ్బరు రోలర్ల షెల్లర్ నుంచి వచ్చిన ఊకే అడగండి. పాత హల్లర్ ఊకలో తవుడు కలిసి ఉంటుంది. బాయిలర్ బూడిద ఊరికే ఇస్తామన్నా తీసుకోవద్దు. అందులో కార్బన్ చాలావరకు కాలిపోయి ఉంటుంది, మితిమీరిన వేడికి సిలికా స్ఫటికంగా మారితే క్షారానికి ఒక పట్టాన లొంగదు. పైగా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

100 గ్రాముల ఊకను కడిగి, 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, నైట్రోజన్‌లో నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 500 డిగ్రీలకు తీసుకెళ్లి గంటసేపు ఉంచండి. 35-40 గ్రాముల బొగ్గు వస్తుంది, అందులో దాదాపు సగం సిలికా. దీన్ని నూరి, 400 మిల్లీలీటర్ల 2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో 90 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు కలియబెట్టండి. గాజు బీకరు వద్దు, వేడి క్షారం గాజును తినేస్తుంది. స్టీలు గిన్నె వాడండి. వడగట్టి, కడిగి, ఆరాక ఒక గ్రాము తీసి గాలిలో 600 డిగ్రీల దగ్గర బరువు నిలకడ అయ్యేదాకా కాల్చి చూడండి. 3 శాతానికి మించి బూడిద మిగిలితే మిగతా బొగ్గును మళ్లీ క్షారంలో వేడి చేయాల్సిందే. వడగట్టిన నీళ్లను పారబోయకండి: ఆమ్లం కొద్దికొద్దిగా కలిపి పీహెచ్ 7కు తెస్తే సిలికా జెల్ విడిపోతుంది.

ప్రకాశం వైపు పొగాకు మోళ్లతో చేసేవాళ్లకు ఈ బాధ తక్కువ. వాటిలో పొటాషియం ఎక్కువ కాబట్టి బొగ్గును 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి ముందుకెళ్లవచ్చు.

ఇక యాక్టివేషన్. సిలికా తీసేసిన 5 గ్రాముల బొగ్గుకు 10 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ కొద్ది నీళ్లలో కరిగించి కలపండి, రాత్రంతా నాననిచ్చి ఆరబెట్టండి. నికెల్ క్రూసిబుల్‌ను మూడో వంతే నింపండి, కరిగినప్పుడు పొంగుతుంది. నైట్రోజన్‌లో 400 డిగ్రీల దగ్గర అరగంట ఆగి నీటి ఆవిరి పోనిచ్చి, 750కి పెంచి గంట ఉంచండి. ఈ వేడిలో పొటాషియం లోహమే పుడుతుంది, కార్బన్ పొరల మధ్య దూరి రంధ్రాలు పెంచుతుంది. అందుకే గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా నైట్రోజన్ ఆపొద్దు, క్రూసిబుల్‌లో ఒక్కసారిగా నీళ్లు పోయొద్దు. తొందరపడితే నిప్పంటుకుంటుంది. తర్వాత 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఆపైన వేడి డిస్టిల్డ్ వాటరు, పీహెచ్ 7 వచ్చేదాకా. 100 గ్రాముల ఊకకు చివరికి 10 గ్రాములు దక్కితే బాగా చేసినట్టే. క్షారాన్ని నాలుగింతలు వేస్తే ఉపరితలం పెరగవచ్చు గానీ పొడి మరీ గుల్లబారి, ఘనపరిమాణం లెక్కన చార్జి పడిపోతుంది.

ఎలక్ట్రోడ్‌కు 80:10:10 నిష్పత్తిలో ఈ కార్బన్, కార్బన్ బ్లాక్ (కరెంటు బాగా పారేందుకు), పీవీడీఎఫ్ (పొడిని అతికించే ప్లాస్టిక్) కలిపి నికెల్ ఫోమ్ మీద పూయండి. ఎలక్ట్రోలైట్ 6 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్. నికెల్ ఫోమ్ తనంతట తానే కొంత చార్జి చూపిస్తుంది, ఖాళీ ఫోమ్‌ను విడిగా కొలవండి. రెండు ఎలక్ట్రోడ్ల సెల్‌లో గ్రాముకు ఎన్ని ఫారడ్లో (చార్జి నిల్వ సామర్థ్యపు కొలత) చెప్పే సూత్రం 4×I×t÷(M×V). I కరెంటు, t డిశ్చార్జి సమయం, V వోల్టేజి. M అంటే రెండింటి కార్బన్ బరువూ కలిపి. ఒకదానిదే వేస్తే విలువ రెట్టింపు కనబడుతుంది. 10 మిల్లీఆంపియర్లు, 100 సెకన్లు, 20 మిల్లీగ్రాములు, 1 వోల్టు అయితే గ్రాముకు 200 ఫారడ్లు.

ఇదే కార్బన్‌తో నీటిలోని రసాయనాలు కొలిచే సెన్సర్ చేయాలన్నా 5 మిల్లీగ్రాముల పొడి చాలు. ఒక మిల్లీలీటరు నీళ్లు-ఇథనాల్‌లో కొద్దిగా నాఫియాన్‌తో (పూతను అతికించే పాలిమర్) అరగంట సోనికేట్ చేసి, అంటే అల్ట్రాసౌండ్‌తో కలిపి, 3 మిల్లీమీటర్ల వ్యాసం గల గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ మీద 5 మైక్రోలీటర్లు వేసి ఆరనివ్వండి. పూత మందమైతే పగుళ్లిచ్చి ఊడిపోతుంది. రొయ్యల గుంటల్లో నైట్రైట్ కొలవాలనుకుంటే డిస్టిల్డ్ వాటరులో గీసిన కాలిబ్రేషన్ గీతను నమ్మకండి. ఉప్పు, సేంద్రియ పదార్థం వల్ల స్పందన మారిపోతుంది. అదే గుంట నీటికి తెలిసిన మోతాదులో నైట్రైట్ కలుపుతూ వరసగా మూడు నాలుగు రీడింగులు తీసి, ఆ గీత నుంచి వెనక్కి లెక్కగట్టండి.