సంస్థకు భద్రతా కార్యక్రమం – 4వ పాఠం: మీ హారం ఎక్కడిది?

ఈసారి దాడి జరిగాక ఎలా స్పందించాలో చెబుతానన్నాను. అది వచ్చే పాఠంలో చూద్దాం. పోయినసారి "ప్యాచ్ (సాఫ్ట్‌వేర్ లోపాన్ని సరిచేసే అప్‌డేట్) పడిన యంత్రాల శాతం" లెక్కకట్టమంటే, చాలామంది 95కి పైనే పంపారు. అవి చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. లవం (ప్యాచ్ పడిన యంత్రాల సంఖ్య) గురించి అంత చెప్పి, హారం (మొత్తం యంత్రాల సంఖ్య) గురించి చెప్పకపోవడం నా పొరపాటే.

మీరు ప్యాచింగ్ టూల్ తెరిచి అందులో కనిపించిన శాతమే రాసుకున్నారు. ఆ టూల్‌కి తన ఏజెంట్ (యంత్రంలో పెట్టే దాని చిన్న ప్రోగ్రాం) ఉన్న యంత్రాలే తెలుసు. ఏజెంట్ లేని యంత్రం దాని లెక్కలో పుట్టనే లేదు. టూల్‌లో 400 యంత్రాలు, వాటిలో 392కి ప్యాచ్ పడింది అనుకోండి, 98 శాతం. అదే ఆఫీసు డిహెచ్‌సిపి లాగ్ (నెట్‌వర్క్‌లోకి వచ్చిన యంత్రాలకు అడ్రస్ ఇచ్చిన చిట్టా) నెల రోజులది తీసి, ఫోన్లు, ప్రింటర్లు పక్కన పెడితే 490 యంత్రాలు తేలాయి. అంటే 392 బై 490, 80 శాతమే. దాడి చేసేవాడికి కావాల్సింది ఆ మిగిలిన 98లో ఒక్కటి.

2017లో అమెరికా క్రెడిట్ సమాచార సంస్థ ఈక్విఫాక్స్‌లో జరిగింది చూడండి. మార్చిలో అపాచీ స్ట్రట్స్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్ లోపానికి ప్యాచ్ వచ్చింది. వెంటనే వేయమని లోపల ఈమెయిల్ కూడా వెళ్లింది. కానీ ఆ ఈమెయిల్ జాబితా పాతది, వేయాల్సినవాళ్లకు అందలేదు. తర్వాత స్కాన్ చేస్తే లోపమున్న పోర్టల్ దొరకలేదు. ట్రాఫిక్‌ని తనిఖీ చేసే పరికరం ఉంది, దాని డిజిటల్ సర్టిఫికెట్ గడువు ఎప్పుడో తీరిపోయి తనిఖీ ఆగిపోయింది. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. ఈమెయిల్, స్కానర్, పరికరం అన్నీ ఉన్నాయి. "ఉంది" అని టిక్కు పెట్టే నివేదికలో అవి పనిచేయలేదన్న సంగతి కనబడదు.

ఇంకొకటి. హారం సరిచేస్తే మీ శాతం పడిపోతుంది. ఆ నెల మీరు బాగా పనిచేశారనే దానర్థం, కానీ పైవాళ్లకు ముందే చెప్పకపోతే తిట్లు తప్పవు. "సగటున ఎన్ని రోజుల్లో సరిచేశాం" అన్న లెక్కలోనూ ఇదే చిక్కు: అందులోకి మూసిన టికెట్లే (సరిచేయడం పూర్తయిన లోపాల నమోదులే) వస్తాయి. తొమ్మిది లోపాలు నాలుగేసి రోజుల్లో మూసి, పదోది 200 రోజులుగా తెరిచే ఉంటే సగటు 4. పాతదాన్ని ఈరోజు మూశారా, 23.6! అందుకే నేను సగటు వాడను. తెరిచి ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది ఎన్నాళ్లదో రాస్తాను.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన సైబర్ భద్రతా ఫ్రేమ్‌వర్క్‌లో 2024లో "గవర్న్" (పాలన) భాగం చేర్చింది. అది అడిగే పాలసీలు, బాధ్యులు మీకు ఉన్నారనే అనుకుంటున్నాను.

అభ్యాసం: డిహెచ్‌సిపి లాగ్, యాంటీవైరస్ కన్సోల్, క్లౌడ్ (అద్దె సర్వర్ల) బిల్లు, మూడిటినీ ఒకే స్ప్రెడ్‌షీట్‌లోకి తెండి. డ్యాష్‌బోర్డు వద్దు. ఎవరూ చెప్పని సర్వర్లు కూడా బిల్లులో దొరుకుతాయి. ఒక జాబితాలో ఉండి ఇంకోదాంట్లో లేని ప్రతి యంత్రానికీ యజమాని పేరు రాయండి. "ఐటీ టీమ్" అని రాస్తే ఒప్పుకోను, మనిషి పేరే కావాలి. రెండు వారాలు పడుతుంది. అది పూర్తయ్యాకే 5వ పాఠం తెరవండి.