తాడిపత్రి ఒక్కరోజులో చూడాలంటే

అనంతపురం నుంచి పొద్దున్నే బయలుదేరండి. మధ్యాహ్నం గుడి తలుపులు మూస్తారు, పైగా ఎండకు బండపరుపు కాలిపోతుంది. ఒట్టికాళ్లతో తిరగలేక చాలామంది శిల్పాలు చూడకుండానే వెనక్కి వస్తారు. సంచిలో ఒక జత మేజోళ్లు పెట్టుకోండి.

ముందు పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయం. విజయనగర కాలంలో కట్టించింది. లింగం దగ్గర ఊరే నీటి ఊట వల్లే ‘బుగ్గ’. దర్శనం అయ్యాక అసంపూర్ణంగా మిగిలిన గోపురాల దగ్గరే ఎక్కువసేపు ఉండండి. పైఅంతస్తులు లేవు కానీ, అడుగు నుంచి ఖాళీ లేకుండా చెక్కారు. ఏటవాలు ఎండ పడినప్పుడే ఆ గీతలు తేటగా కనిపిస్తాయి, నడినెత్తికి ఎండ వస్తే అన్నీ చదునుగా అనిపిస్తాయి. రాయలసీమలో ఇంత సన్నని పనితనం అరుదు.

తర్వాత ఊళ్లోని చింతల వెంకటరమణస్వామి గుడి. రథం ఆకారంలోని గరుడ మండపం చక్రాలు చూసి, గర్భాలయం గోడల మీది రామాయణ ఘట్టాలను ప్రదక్షిణగా, వరుసలో చదువుకుంటూ నడవండి.

భోజనం చేసి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని బెలుం గుహలకు వెళ్లండి. మొత్తం 3,229 మీటర్లలో దాదాపు ఒకటిన్నర కిలోమీటరే తిరగనిస్తారు. లోపల ఉక్కపోత, నేల జారుతుంది. నీళ్ల సీసా, పట్టున్న చెప్పులు తప్పనిసరి.