కందుకూరి వారందరూ ఒకే ఇంటివారా? తేల్చుకొనే విధానం

మన ఇంటిపేరే ఉన్న మరొకరు తారసపడగానే వరసలు కలిపేయడం మనకు సరదాయే కాని, ఆ చుట్టరికం నిజమో కాదో తేలాలంటే ముందుగా ఇంటిపేరును ఊరితో సరిచూడాలి. ‘కందుకూరి’నే తీసుకుందాం. కందుకూరు కోస్తాలో ఒకటి, రంగారెడ్డి జిల్లాలో మరొకటి ఉన్నాయి. ఊళ్లో ఉన్నంతకాలం ఎవరినీ ఆ ఊరి పేరుతో పిలవనక్కరలేదు. వలస వెళ్లిన చోటనే అది ఇంటిపేరై నిలుస్తుంది కనుక, ఏ సంబంధమూ లేని కుటుంబాలకు వేర్వేరు కాలాల్లో అదే పేరు స్థిరపడవచ్చు. రాజమహేంద్రవరంలో పుట్టిన సంఘసంస్కర్త వీరేశలింగం (1848–1919) నియోగి బ్రాహ్మణుడు. ‘నిరంకుశోపాఖ్యానం’ రచించిన 16వ శతాబ్దపు రుద్రకవి విశ్వబ్రాహ్మణుడని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. ఇద్దరూ కందుకూరి వారే.

కులం కలిస్తే గోత్రం అడగాలి. అది వేరైతే, మధ్యలో దత్తత జరిగిందేమో విచారించి, లేదంటే అక్కడితో ఆపవచ్చు. గోత్రం కలిసినంత మాత్రాన కూడా తొందరపడకూడదు. విశ్వబ్రాహ్మణులకు మూల గోత్రాలు ఐదే కనుక, గోత్రం ఒకటైన అపరిచితులు వారిలో కొల్లలు.

నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి ఆధారం మైల. “వాళ్లింట్లో ఎవరైనా పోతే మనం పది రోజులు మైల పట్టేవాళ్లమా?” అని ఇంట్లో పెద్దవారిని అడగండి. వంశవృక్షం ఎన్నడూ రాయని ఇళ్లలో కూడా ఎవరు దాయాదులో, ఎవరు కారో ఈ ఆచారమే తరాల పాటు గుర్తుపెట్టింది. పట్టేవాళ్లమని, ఇప్పుడు రాకపోకలు లేవని చెబితే, ఏ తాత కాలంలో విడిపోయారో అడిగి పేర్లు అప్పుడే రాసుకోవాలి.

ఆ పేర్లను పాత శుభలేఖలతోను, ఆంధ్రలో అడంగళ్లు, తెలంగాణలో పహాణీలు అనే భూమి రికార్డులతోను పోల్చాలి. పెద్దలు కాశీ, గయ వెళ్లి ఉంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) పుస్తకాల్లో తాతముత్తాతల పేర్లు దొరికే అవకాశం ఉంది. ఆడవారి విషయంలో పుట్టింటి పేరు వేరుగా రాసుకోవాలి. వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మి గారు కూడా పెళ్లితోనే కందుకూరి వారయ్యారు. ఇల్లరికపుటల్లుడి పిల్లలు సాధారణంగా తండ్రి ఇంటిపేరుతోనే ఉంటారు కనుక, పొలం ఒక ఇంటిపేరు మీద మొదలై మరో పేరు మీదికి మారితే రికార్డు తప్పని అనుకోనక్కరలేదు.

విదేశాల్లోని శాఖల కోసం వెతికేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగులన్నీ ప్రయత్నించాలి. కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఉండవలసిన గడిలో తండ్రి పేరో, సొంత పేరో చేరి ఉంటుంది.