టీసీటీ బ్లేడు పదును, మరమ్మతు: 4వ పాఠం – ఊడిన పన్ను అతకడం

టీసీటీ బ్లేడు అంటే పళ్లుగా టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కలు (టిప్పులు) అతికిన రంపం బ్లేడు. గత పాఠంలో పంటి ముఖానికి డైమండ్ చక్రంతో పదును పెట్టడం దాకా వచ్చాం. అసలు పన్నే లేకపోతే ఏం చేయాలన్నది ఈ పాఠం. పాత ఇళ్ల నుంచి వచ్చిన టేకు దూలాలు, వాసాలు కోసేవారికి ఈ అవసరం తరచుగా పడుతుంది. చెక్కలో కూరుకుపోయిన మేకు ఒక్కసారి తగిలితే చాలు, కార్బైడ్ టిప్పు సగానికి విరుగుతుంది, లేదా మొత్తంగా ఎగిరిపోతుంది.

అలాంటి బ్లేడును ‘ఒక్క పన్నే కదా’ అని నడపకండి. పోయిన పంటి కోత కూడా దాని వెనక పంటి మీదే పడుతుంది. ఆ రెట్టింపు భారానికి కొన్నాళ్లకు అదీ పోతుంది. 300 మిల్లీమీటర్ల బ్లేడు నిమిషానికి 4,500 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు 70 మీటర్లు. ఆ వేగంతో ఊడి వచ్చే ముక్క నుంచి తప్పుకునే వ్యవధి ఎవరికీ ఉండదు.

ఏ బ్లేడుకు ఈ శ్రమ తగును? చేతి మిషన్లలో వాడే 110 మిల్లీమీటర్ల చిన్న బ్లేడుకు దండగ, కొత్తది కొనుక్కోండి. 250 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్నవాటికి, ఒకటి రెండు పళ్లు మాత్రమే పోయినప్పుడు చేయండి. వరుసగా నాలుగైదు పోతే ఇండక్షన్ మిషన్ (మంట లేకుండా కరెంటుతో వేడిచేసేది) ఉన్న దుకాణానికి పంపడమే మేలు.

ముందు బ్లేడు ఒంటిని పరీక్షించాలి. పంటికీ పంటికీ మధ్య ఉన్న గాడి అడుగున బీటలు పుడతాయి. అక్కడ కిరోసిన్ రాసి, పది నిమిషాలాగి, పొడిగా తుడిచి, సుద్దపొడి పూయండి. బీట ఉంటే అందులో దిగిన కిరోసిన్ సన్నని తడి గీతగా పైకి తేలుతుంది. ఆ గీత కనిపించిందంటే ఆ బ్లేడు పని అయిపోయినట్టే. మరమ్మతు ఆలోచన మానుకుని పాత ఇనుములో వేయండి.

తర్వాత టిప్పు కూర్చున్న గూటిని భూతద్దంతో చూడండి. ఈ పాఠంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. గూటిలో బూడిదరంగు కార్బైడ్ కొంత మిగిలి ఉంటే అతుకు బాగానే ఉంది, దెబ్బకు టిప్పు విరిగింది. గూటి నిండా టిప్పును అతికిన వెండి మెరుస్తూ, కార్బైడ్ జాడే లేకుంటే, ఆ వెండి మొదటి నుంచీ టిప్పును పట్టుకోలేదు. ఇక్కడ తప్పు మేకుది కాదు, అతుకుది. అప్పుడు మిగతా పళ్లను కూడా కంటికి రక్షణ పెట్టుకుని ఇత్తడి కడ్డీతో ఒక్కొక్కటిగా తట్టి చూడాలి. వదులుగా ఉన్నవి మిషన్‌లో ఊడటం కంటే మీ బల్ల మీద ఊడటం మంచిది.

కొత్త టిప్పు పక్క పంటికంటే కాస్త వెడల్పుగా ఉండాలి. కోత వెడల్పు 3.2 మిల్లీమీటర్లైతే 3.5 తీసుకోండి, పక్కలు సాన పట్టేటప్పుడు ఆ అదనం పోతుంది. గూటిలో మిగిలిన ముక్క ఉంటే వేడి చేసి, వెండి కరగగానే ఉక్కు కడ్డీతో నెట్టేయండి. చల్లారాక గూటిని సన్న ఆకురాయితో మెరిసేదాకా రుద్దండి. పోవలసింది మురికీ పాత వెండీ మాత్రమే, ఉక్కు కాదు. టిప్పు వీపును కూడా డైమండ్ పలక మీద నాలుగు రుద్దులు రుద్దండి. కొత్త కార్బైడ్ మీద ఉండే సన్నని పొరకు వెండి అంటదు. చాలామంది వదిలేసేది ఈ నాలుగు రుద్దులనే.

అతుకు లోహంగా 49 శాతం వెండి, దానితో నికెల్, మాంగనీస్ కలిసిన రేకు వాడండి. ఆ రెండూ ఉంటేనే కార్బైడ్‌కు వెండి బాగా అంటుతుంది. అది 680, 705 డిగ్రీల మధ్య కరుగుతుంది. కాడ్మియం కలిసిన కడ్డీలు తేలిగ్గా కరుగుతాయని ఎవరైనా ఇస్తే పుచ్చుకోకండి. ఆ పొగ ఊపిరితిత్తులను తినేస్తుంది, ప్రాణం కూడా తీయగలదు. ఫ్లక్స్ (వేడికి లోహం మాడకుండా అతుకు చోట పూసే లేపనం) పొగ కూడా మంచిది కాదు, గాలి ఆడేచోటే ఈ పని పెట్టుకోండి.

గూటికి, టిప్పు వీపుకు నల్ల ఫ్లక్స్ పూసి, మధ్యలో గూటి కొలతకు కత్తిరించిన రేకు పెట్టి టిప్పును కూర్చోబెట్టండి. వెలుతురు తక్కువగా ఉన్న మూల ఎంచుకోండి, ఎండలో ఉక్కు రంగు తెలియదు. మంటను ఒకేచోట నిలపకుండా గూడు కింద ఉక్కు మీద అటూ ఇటూ ఆడించండి. ముందు ఫ్లక్స్ పొంగుతుంది, తర్వాత తెల్లబడుతుంది, ఆపైన నీళ్లలా పలచబడి పారదర్శకమవుతుంది. అప్పటికి సుమారు 600 డిగ్రీలు. ఉక్కు మసక ఎరుపుకు వచ్చేసరికి టిప్పు చుట్టూ సన్నని వెండి గీత ఒక్కసారిగా పరుగెత్తుతుంది. మంట తీయకుండానే సన్న కడ్డీతో టిప్పును వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ కదపండి, లోపల చిక్కిన ఫ్లక్స్ బయటికి వస్తుంది. సరిగ్గా కూర్చోబెట్టి మంట తీసేయండి. ఉక్కు నారింజరంగుకు పోయిందంటే వేడి మితిమీరినట్టు.

ఇక నీళ్లు చల్లకండి. వేడికి ఉక్కు కార్బైడ్ కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది, చల్లారేటప్పుడు అంతే ముడుచుకుంటుంది. ఆ తేడాను మధ్యనున్న మెత్తని వెండి పొర మెల్లగా ఓర్చుకోవాలి. తొందరపెడితే టిప్పు చిట్లుతుంది. అందుకే టిప్పును గట్టిగా అదిమి వెండినంతా పిండేయడం కూడా తప్పే, పదో వంతు మిల్లీమీటరు పొర మిగలాలి.

పూర్తిగా చల్లారాక గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఫ్లక్స్ కడగండి. అతుకు వేడికి గూడు దగ్గరి ఉక్కు గట్టిపడి పెళుసుబారి ఉండవచ్చు. అక్కడ గరుకు కాగితంతో రుద్ది మెరిపించి, చిన్న మంటతో నెమ్మదిగా వేడి చేయండి. గడ్డిరంగు, ఊదా దాటి నీలం రాగానే ఆపండి. ఈ మెట్టు వదిలేస్తే మళ్లీ దెబ్బ తగిలినప్పుడు టిప్పుతోపాటు గూడే విరుగుతుంది.

సాన వరుస ఇది: ముందు పక్కలు, తర్వాత ముఖం, చివర పైభాగం. పక్కలు రెంటినీ సమానంగా తగ్గించండి. బ్లేడు మందం 2.2 మిల్లీమీటర్లైతే ఇరువైపులా అర మిల్లీమీటరు చొప్పున బయటికి రావాలి, మొదలు వైపు, వెనక వైపు కొద్దిగా సన్నబడాలి. డైమండ్ చక్రం ఉక్కును తాకకూడదు, తాకితే మూసుకుపోయి కోత ఆగుతుంది. నీళ్లు పడుతూ ఉండాలి, ముక్కుకు దుమ్ము ముసుగు ఉండాలి. కార్బైడ్ పొడిలోని కోబాల్ట్ ఊపిరితిత్తులకు చేటు.

ఎత్తు విషయంలో డయల్ గేజ్ (సన్న తేడాలను డయల్ మీద చూపే కొలత పరికరం) తప్ప కన్ను పనికిరాదు. గేజ్ ముల్లును పాత పంటి కొనకు ఆనించి సున్నా పెట్టి, బ్లేడు తిప్పి కొత్త పంటికి ఆనించండి. టీసీటీ బ్లేడుల్లో పళ్లు తరచుగా ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వాలి ఉంటాయి, కాబట్టి పక్క పంటితో కాక, అదే వాలు ఉన్న పంటితో పోల్చండి. కొత్తది ఎత్తుగా ఉంటే కోతంతా దానిమీదే పడి రెండోసారి ఊడుతుంది. కాస్త తక్కువ ఉన్నా పరవాలేదు. చివరగా 3వ పాఠంలో చెప్పినట్టు పళ్లన్నిటి ముఖాలకూ ఒక్కో పలచని చుట్టు వేయండి.

వచ్చే పాఠానికి ముందు చేయవలసిన అభ్యాసం: పారేసిన బ్లేడు నుంచి వేర్వేరు చోట్ల మూడు టిప్పులు ఊడదీసి మళ్లీ అతకండి. చల్లారాక ఆ బ్లేడును వైసులో బిగించి, కంటికి రక్షణ పెట్టుకుని, మూడింటినీ ఉలి పెట్టి సుత్తితో కొట్టి ఊడగొట్టండి. గూటిలో కార్బైడ్ మిగిలిందా, ఉత్త వెండి మిగిలిందా చూడండి. మూడింటిలోనూ కార్బైడ్ మిగిలేదాకా మంచి బ్లేడు ముట్టుకోకండి.