కొత్త ఫ్లాట్‌కు మారుతున్నారా? ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

సామాను మోసేవాళ్లు బీరువా ఎత్తి పట్టుకుని "ఇది ఏ గదిలో పెట్టాలండీ?" అని అడుగుతుంటే, ఇంట్లో వాళ్లు అప్పుడు చర్చ మొదలుపెడతారు. ఇల్లు మారే రోజు టెన్షన్‌లో సగం ఇలాంటిదే. ఏ సామాను ఏ గదిలోకి వెళ్లాలి, మంచం ఏ గోడకు వేయాలి, పాత సోఫా ఉంచాలా తీసేయాలా అన్నవి కనీసం వారం ముందే తేల్చేసుకోండి. గదుల బొమ్మ ఒకటి కాగితం మీద గీసి గుమ్మం దగ్గర అంటిస్తే మిమ్మల్ని ఎవరూ ప్రతిదానికీ పిలవరు.

టేపు తీసుకుని కొత్త ఫ్లాట్‌కు ఒకసారి వెళ్లి రండి. గదుల కొలతలు అందరూ తీసుకుంటారు గానీ, పెద్ద సామాను ఇరుక్కునేది ఎక్కువగా దారిలోనే. లిఫ్ట్ తలుపు వెడల్పు, లోపలి ఎత్తు, మెట్ల మలుపు, గుమ్మం అన్నీ కొలవండి. గుమ్మం కొలిచేటప్పుడు తలుపు తెరిచి ఉంచి, తలుపు మందం పోగా మిగిలిన ఖాళీనే లెక్కలోకి తీసుకోవాలి. పనిలో పనిగా లారీ ఎక్కడ ఆపుకోవచ్చు, సామానుకు లిఫ్ట్ ఏ వేళల్లో ఇస్తారు, ముందుగా చెప్పి ఉంచాలా అన్నవి కూడా కనుక్కోండి. ఇంటర్నెట్ కనెక్షన్ మార్పించుకోవడానికి రోజులు పట్టొచ్చు కాబట్టి ఆ పని కూడా అప్పుడే మొదలుపెట్టాలి.

ప్యాకింగ్‌కు ముందే అక్కర్లేనివి తీసేయండి. వాడని వస్తువును జాగ్రత్తగా చుట్టి, డబ్బులిచ్చి మోయించి, మళ్లీ అటక మీద పెట్టుకోవడంలో అర్థం లేదు. పుస్తకాలు చిన్న అట్టపెట్టెల్లో, దుప్పట్లు, దిండ్లు పెద్దవాటిలో సర్దండి. పుస్తకాలతో నింపిన పెద్ద పెట్టె అడుగు ఊడిపోవడానికి ఎంతోసేపు పట్టదు. పింగాణీ ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, విడివిడిగా కాగితం చుట్టి నిలబెట్టి సర్దితే పగిలే భయం తక్కువ. పెట్టె మీద పేరు పై మూతకు రాస్తే, మీద ఇంకో పెట్టె పెట్టగానే కనిపించదు. పక్కలకు రాయండి: గది పేరు, వరుస నంబరు. ఆ నంబర్ల జాబితా ఫోన్‌లో ఉంటే దించేటప్పుడు ఏది రాలేదో వెంటనే తెలిసిపోతుంది.

మంచం, టేబుల్ విప్పే ముందు ఫోటోలు తీసుకోండి. విప్పిన మరలు, నట్లు ఒక చిన్న కవర్లో వేసి, ఏ భాగానివో దాని మీద రాసి, అదే చెక్కకు లోపలి వైపున టేపుతో అంటించేయండి. పైవైపు అంటిస్తే టేపుతో పాటు పాలిష్ లేచిపోతుంది. టీవీ వెనకాల వైర్లకు రెండు చివర్లా చిన్న చీటీలు కట్టినా చాలు.

అసలు జాగ్రత్త కావాల్సింది కరెంటు సామాన్ల దగ్గర. ఫ్రిజ్‌ను ముందు రోజే ఖాళీ చేసి, ఆపి, తలుపు తెరిచి ఉంచి, కారిన నీళ్లు తుడవండి. నిలువుగానే తీసుకెళ్లాలి. తప్పనిసరై పడుకోబెడితే కంప్రెసర్‌లోని ఆయిల్ గొట్టాల్లోకి చేరే ప్రమాదం ఉంది. కాబట్టి చేరాక కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే స్విచ్ వేయండి. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్‌లో డ్రమ్ స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. కొన్న రోజు వెనక నుంచి విప్పిన పొడుగాటి బోల్టులు ఆ డ్రమ్‌ను ప్రయాణంలో కదలకుండా బిగించడానికే. అవి ఉంటే వెతికి బిగించండి. కొత్త ఇంట్లో మెషిన్ వేసే ముందు విప్పడం మాత్రం మరవొద్దు, బోల్టులతోనే నడిపితే మెషిన్ విపరీతంగా ఊగిపోతుంది. పైపులో, ఫిల్టర్‌లో మిగిలిన నీళ్లు కూడా ముందే వంపేయాలి. పెద్ద టీవీని పరుపు మీద పడుకోబెట్టడం క్షేమం అనుకుంటారు, నిజానికి నిలబెట్టి తీసుకెళ్లడమే మంచిది. యాసిడ్ ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీ ఒరిగితే పక్కనున్న బట్టలన్నీ పోతాయి, దాన్ని విడిగా నిటారుగా పెట్టించండి. గ్యాస్ సిలిండర్‌ను అన్ని వైపులా మూసిన లారీలో సామానుతో కలిపి ఎక్కించొద్దు. ఏసీని తెలిసిన మెకానిక్ చేతే విప్పించండి. గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాగి బిగించాకే గొట్టాలు విప్పాలి.

సామాను తరలించేవాళ్లతో మాట అనుకునేటప్పుడు ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా, విప్పడం బిగించడం ఎవరి పని, ఏదైనా పగిలితే ఎవరు భరించాలి అన్నవి రాతపూర్వకంగా ఉంచుకోండి. అన్నీ దించి, నంబర్లు సరిచూసుకున్నాకే, సామాను అందినట్టు వాళ్లిచ్చే కాగితం మీద సంతకం పెట్టండి. ఆ తొందరలో చాలామంది ముందే పెట్టేస్తారు.

నగలు, ముఖ్యమైన కాగితాలు, ల్యాప్‌టాప్, రోజూ వేసుకునే మందులు లారీ ఎక్కకూడదు, మీ వెంటే ఉండాలి. మొదటి రాత్రికి విడిగా ఒక సంచి సర్దండి: దుప్పట్లు, తువ్వాళ్లు, సబ్బు, మార్చుకోవడానికి బట్టలు, చార్జర్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఒక బల్బు, స్క్రూడ్రైవర్, కత్తెర, చెత్త కవర్లు. ఆ కత్తెర లేక పెట్టెల ముందు కూర్చునే వాళ్లు ఎందరో! చిన్నపిల్లల్ని, పెంపుడు జంతువుల్ని ఆ పూటకు ఎవరింట్లోనైనా ఉంచగలిగితే అందరికీ హాయి.

సామాను దించకముందే, ఫ్లాట్ ఖాళీగా ఉన్నప్పుడే కుళాయిలన్నీ తిప్పి చూడండి. సింకు కింద చెయ్యి పెట్టి తడి తగులుతుందేమో చూడండి. స్విచ్‌లు, కిటికీ గడియలు, తాళాలు పరీక్షించి, ముందే ఉన్న పగుళ్లు, మరకల ఫోటోలు తీసుకోండి. నీళ్లు మొత్తం ఆపే వాల్వు ఎక్కడుందో, కరెంటు మెయిన్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి. పాత తాళంచెవులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో తెలియదు కాబట్టి వీలైతే తలుపు తాళం మార్చేయండి. సామాను దిగాక ముందు మంచాలు బిగించేయండి. అలసిపోయాక ఆ పని ఎవరి వల్లా కాదు.

పాత ఇంటి నుంచి బయటికొచ్చే ముందు మీటర్ రీడింగ్‌ను, ఖాళీ గదులను ఫోటో తీసుకోండి. తాళాలు ఇచ్చినట్టు యజమాని దగ్గర ఒక మెసేజ్ అయినా తీసుకోండి, అడ్వాన్స్ తిరిగి తీసుకునేటప్పుడు అదే పనికొస్తుంది.